కొత్త మేనేజర్ వచ్చాడు సరే, లైను ఎక్కడ నిలబడింది?

“ఏం రా అబ్బీ, నడి గ్రౌండులో పోయి నిలబడితే వెనక నలభై మీటర్లు బీడు పెట్టినట్టు ఖాళీ. దాన్ని డిఫెన్స్ అంటారా?”

“గోల్స్ ఎన్ని కొట్టినారో అది సూడు సామీ. లీగులో 102. ఇంగేం గావాల నీకు?”

పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ అయిన మర్నాడు అనంతపురంలో ఉగ్గాని బజ్జీ ప్లేటు చేతిలో పట్టుకుని నడిచే వాదన ఇది. స్పెయిన్ క్లబ్బుల్లో మొదటాయనది రియల్ మాడ్రిడ్, రెండో ఆయనది బార్సా, అంటే బార్సిలోనా అని వేరే చెప్పక్కర్లేదు. ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ పెట్టిన విసెంటె ఫెర్రర్ పుట్టింది 1920లో, బార్సిలోనాలో. ఆయన 1969లో ఇక్కడికొచ్చి స్థిరపడినందుకేనేమో, ఈ ఊళ్లో ఆ క్లబ్బు గెలిస్తే చుట్టాలింట్లో పెళ్లయినంత సంబరం, ఓడితే మేనేజర్ మీద అల్లుడి మీద ఉన్నంత అసహనం.

2024 మే నెలాఖర్లో బార్సా హాన్సీ ఫ్లిక్‌ను మేనేజర్‌గా తీసుకున్నప్పటి నుంచీ గొడవంతా ఆ హైలైన్ మీదే, అంటే వెనక డిఫెండర్లను గోల్‌కు దూరంగా, నడి గ్రౌండు దగ్గర నిలబెట్టడం మీదే. అమోరిమ్ మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చినప్పుడు గొడవ ముగ్గురు సెంటర్‌బ్యాక్‌ల (వెనక నడుమ నిలబడే డిఫెండర్ల) మీద. మేనేజర్ ఎవరైనా వాదించుకునేవాళ్లు చేసే తప్పు ఒకటే: పేపర్ మీద అంకెలు చూస్తారు, స్కోరు చూస్తారు, ఆ రెండింటి నడుమ జరిగేది వదిలేస్తారు.

అంకెల సంగతి తొందరగా తేలిపోతుంది. 2024 వేసవిలోనే లివర్‌పూల్‌కు ఆర్నె స్లాట్ వచ్చాడు. ఫ్లిక్, స్లాట్ ఇద్దరూ ఆడించింది 4-2-3-1, అంటే వెనక నుంచి ముందుకు నలుగురు, ఇద్దరు, ముగ్గురు, ఒకడు. ఇద్దరూ మొదటి సీజన్లోనే లీగు గెలిచారు. ఆటలో మాత్రం పోలికే లేదు. స్లాట్ ఆ వేసవిలో టీములోకి తెచ్చుకున్న కొత్త ఆటగాడు కియేజా ఒక్కడే. ఉన్నవాళ్లలోంచే గ్రావెన్‌బెర్ఖ్‌ను వెనక మిడ్‌ఫీల్డ్‌లో నిలబెట్టి, పాత మేనేజర్ క్లాప్ నాటి ఉరుకులాటను నెమ్మదింపజేసి, 4 మ్యాచ్‌లు మిగిలుండగానే టైటిల్ కొట్టాడు. ఫ్లిక్ ఆట దానికి పూర్తిగా తలకిందులు. కాబట్టి ‘ఏ ఫార్మేషన్ ఆడిస్తాడు’ అనేది ఎవరైనా అడిగితే టీ చల్లారకముందే జవాబు చెప్పి వదిలేయాల్సిన ప్రశ్న.

అడగాల్సింది రెండు. బంతి అవతలివాళ్ల దగ్గరున్నప్పుడు వెనక నలుగురు ఎక్కడ నిలబడుతున్నారు? బంతి పోయిన మొదటి ఐదు సెకన్లలో ముందున్నవాళ్లు ఏం చేస్తున్నారు? రెండూ ఒకే తాడుకు రెండు కొసలు.

టీవీలో ఇది కొలవడం కష్టం కాదు. పెద్ద గ్రౌండు పొడవు 105 మీటర్లు, అంటే సగం 52.5. సెంటర్ సర్కిల్ వ్యాసార్థం 9.15 మీటర్లు. కాబట్టి సొంత గోల్ వైపున్న సర్కిల్ అంచు గోల్ నుంచి సుమారు 43 మీటర్ల దూరం. బ్యాక్ లైన్ ఆ అంచు దగ్గరుంటే హైలైన్. పెనాల్టీ బాక్స్ గీత 16.5 మీటర్లు, దానికి పది అడుగులు ముందు నిలబడితే లో బ్లాక్. ఈ రెండు గుర్తులు చాలు, చేతిలో టేపు అక్కర్లేదు. కెమెరా బంతి వెంటే తిరుగుతుంది గనక అవతలి గోలీ బంతిని చేతిలో పట్టుకుని ఆలోచిస్తున్నప్పుడో, వాళ్ల సెంటర్‌బ్యాక్‌లు తీరిగ్గా అటూ ఇటూ పాసులు ఇచ్చుకుంటున్నప్పుడో చూడాలి. అప్పుడే లైను అసలు స్వభావం బయటపడుతుంది. గోల్ కిక్, కార్నర్, త్రో ఇన్ నుంచి నేరుగా అందుకున్న బంతికి ఆఫ్‌సైడ్ (బంతి వేసే క్షణానికే అవతలి డిఫెండర్ల లైను దాటి ఉండటం) లేదు, గనక ఆ క్షణాల్లో లైను చూసి తీర్పు చెప్పకూడదు.

ఇప్పుడు అసలు లెక్క. లైను 43 మీటర్ల దగ్గరుంది. గోలీ బాక్స్ బయటికి, 20-25 మీటర్ల దాకా వచ్చి నిలబడ్డాడు. నడుమ 20 మీటర్ల బయలు. అవతలివాడు తలెత్తి, ఎవరూ మీదికి రాకుండా, నింపాదిగా 40 మీటర్ల బంతి వేశాడనుకోండి. అది గాల్లో రెండు, రెండున్నర సెకన్లు ఉంటుంది. మాడ్రిడ్ స్ట్రైకర్ ఎంబాపే లాంటివాడు వేగం అందుకున్నాక సెకనుకు 9 మీటర్లకు పైగా పోతాడు. డిఫెండర్ గోల్‌కు వీపు పెట్టి నిలబడి ఉంటే తిరగడానికే ముప్పావు సెకను పోతుంది. ఇక లెక్క వేసుకోనక్కర్లేదు, గోలే.

అదే బంతి వేసేవాడి మీదికి ఒకడు దూకుతూ ఉంటే? వాడు తల దించుతాడు, అడుగు తడబడుతుంది, పాస్ అర సెకను ఆలస్యమవుతుంది. ఆ అర సెకనులో ముందు పరుగెత్తినవాడు లైను దాటిపోతాడు. జెండా లేస్తుంది. హైలైన్ అంటే వెనక నలుగురి ధైర్యం కాదు, ముందు ముగ్గురి కాళ్లు. బార్సా లైనును కాపాడేది ముందుండే వింగర్ రఫీన్యా పరుగు అంటే మాడ్రిడ్‌వాళ్లు నవ్వుతారు గానీ, అది నిజం.

2024 అక్టోబర్ 26న మాడ్రిడ్ సొంత గ్రౌండు బెర్నబావులో జరిగింది దీనికి మంచి పాఠం. బార్సా 4-0. మాడ్రిడ్ 12 సార్లు ఆఫ్‌సైడ్, అందులో ఎంబాపే ఒక్కడే 8 సార్లు. వాటిలో కొన్ని వలలోకి పోయిన బంతులే. లా లీగాలో సెమీ ఆటోమేటెడ్ ఆఫ్‌సైడ్ వచ్చింది ఆ సీజన్లోనే. ఆఫ్‌సైడ్ చూసేది బంతి అందిన క్షణం కాదు, వేసేవాడి కాలు బంతికి మొదట తగిలిన క్షణం. ఆ క్షణంలో మోకాలు ముందుందా, భుజం ముందుందా అన్నది లైన్స్‌మన్ కంటికి పట్టదు, కెమెరాలకు పడుతుంది. పదేళ్ల కిందట ఇదే లైను ఆడించి ఉంటే ఫ్లిక్‌కు ఆ వేసవే ఆఖరిదయ్యేదని ఎవరన్నా అంటే కాదనలేం. జెండాను నమ్మి ఆడే ఆట ఇది, జెండా నిక్కచ్చిగా ఉన్న కాలంలో ఆడుతున్నాడు.

మాడ్రిడ్ అభిమానుల పక్షాన చెప్పాల్సిందీ ఉంది. ఈ లైనును విప్పే తాళం చెవి ఎంబాపే పరుగు కాదు. స్ట్రైకర్ కావాలనే ఆఫ్‌సైడ్‌లో నిలబడి ఆశ చూపిస్తాడు; వెనక నుంచి, సొంత సగంలోంచి మిడ్‌ఫీల్డరో వింగ్‌బ్యాకో (పక్క గీత వెంట ముందుకీ వెనక్కీ ఉరికేవాడు) ఆలస్యంగా బయల్దేరతాడు. పాస్ వేసేసరికి వాడు లైనుకు ఇవతల, అందుకునేసరికి అవతల. ఆగి ఉన్న డిఫెండర్‌కూ ఉరుకులో ఉన్నవాడికీ పోటీ ఏముంది?

2025 ఏప్రిల్, మే నెలల్లో చాంపియన్స్ లీగ్ సెమీస్‌లో ఇటలీ క్లబ్బు ఇంటర్ 3-3, 4-3తో బార్సాను ఇంటికి పంపినప్పుడు ‘హైలైన్ ముంచింది’ అని ఊరంతా తేల్చేసింది. మళ్లీ చూస్తే అంత సులువుగా తేలదు. మొదటి మ్యాచ్‌లో డంఫ్రీస్ కొట్టిన రెండు గోల్సూ కార్నర్ల నుంచి. అక్కడ హైలైన్‌కు పనేముంది? గాల్లో బంతికి ఎవరు ఎవరిని పట్టుకోవాలన్న లెక్క తప్పింది, అంతే. రెండో మ్యాచ్‌లో రఫీన్యా 87వ నిమిషంలో గోల్ కొట్టి 3-2 చేశాక, ఇంజ్యూరీ టైమ్ మూడో నిమిషంలో అచెర్బీ సమం చేశాడు. వాడొక సెంటర్‌బ్యాక్, వయసు 37. పక్క నుంచి వచ్చిన క్రాస్ మీద కొట్టిన గోల్ అది. ఇక్కడ ఫ్లిక్‌ను నిలదీయొచ్చు: ఆధిక్యం చేతికొచ్చిన ఆ ఆరు నిమిషాలు బంతిని మూల జెండా దగ్గరికి తీసుకుపోయి ఎందుకు చంపలేదు? అది లైను తప్పు కాదు, ఆటను చల్లార్చడం రాకపోవడం.

లైను అసలు బలహీనత 2025 శరదృతువులో కనిపించింది. ఆగస్టులో ఇనీగో మార్టినెజ్ అల్ నస్ర్‌కు వెళ్లిపోయాడు. వేగం అంతంతమాత్రమే అయినా లైను ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో అరిచి చెప్పింది అతనే. సెప్టెంబర్ చివర్లో రఫీన్యా గాయపడ్డాడు. కేక వేసేవాడు పోయాడు, ముందు ఉరికేవాడు పోయాడు, లైను మాత్రం అక్కడే ఉంది. అక్టోబర్ 5న సెవియ్యా 4-1తో కొట్టింది. నవంబర్‌లో బ్రూజ్‌తో 3-3. మోటారు తీసేసి పైపు ఉంచితే నీళ్లొస్తాయా?

అదే మనిషి, అదే పద్ధతి, వేరే చోట వేరే ఫలితం అనడానికి ఫ్లిక్ చరిత్రే సాక్ష్యం. 2019 నవంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 5-1 ఓటమి తర్వాత బాయర్న్ పగ్గాలు పట్టాడు, ఆ సీజన్లోనే మూడు కప్పులు, బార్సిలోనా మీద 8-2. తర్వాత జర్మనీ టీముకు వెళ్తే 2022 ప్రపంచకప్‌లో గ్రూపు దశ కూడా దాటలేదు, 2023 సెప్టెంబర్‌లో జపాన్ చేతిలో 4-1 దెబ్బతో ఉద్యోగం పోయింది. ఈ ఆటకు రోజూ సాధన కావాలి. దేశం టీముకు దొరికేది మ్యాచ్ ముందు నాలుగు రోజులు.

మన దగ్గరా అంతే. హైదరాబాద్ ఎఫ్‌సీని 2021-22లో ఐఎస్‌ఎల్ విజేతగా నిలిపిన మనోలో మార్కెజ్, భారత జట్టుకు వచ్చాక 8 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి, మాల్దీవుల మీద. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చాడు, ఐజాల్‌ను 2016-17లో ఐ-లీగ్ విజేతను చేసినవాడు; అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి ఏషియన్ కప్ ఆశ పోయింది. గోల్ కొట్టే స్ట్రైకర్లు లేని జట్టుకు మేనేజర్‌ను మార్చడం, నీళ్లు పడని బోరును పది అడుగులు పక్కకు జరిపి మళ్లీ వేయడం. ఈ జిల్లాలో దాని ఖర్చు ఎంతో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

తొందరపడి తీర్పు చెప్పేవాళ్లు ఆంజ్ పోస్టెకొగ్లూను కూడా గుర్తుంచుకోవాలి. 2023లో ఇంగ్లండ్ క్లబ్బు టాటెన్‌హామ్‌కు మేనేజర్‌గా వచ్చి మొదటి 10 లీగు మ్యాచ్‌ల్లో 26 పాయింట్లు. నవంబర్ 6న చెల్సీతో రొమేరో, ఉడోగీ ఇద్దరికీ రెడ్ కార్డులు, లైనులో అందరికంటే వేగమైన వాన్ డె వెన్‌కు తొడకండరం పట్టేసింది. అయినా తొమ్మిది మందితో లైనును సగం గీత మీదే ఉంచాడు. 4-1. కొందరికి అది వీరత్వం. మా లెక్కలో అది మొండితనం: తొమ్మిది మందితో బంతి వేసేవాడి మీద ఒత్తిడి పెట్టడం కుదరదు, ఒత్తిడి లేని చోట హైలైన్ పేకమేడ. విచిత్రం ఏమిటంటే 2025 మే 21న బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్‌ను 1-0తో గెలిచింది వెనక్కి తగ్గి, బాక్స్ ముందు గోడ కట్టి. కప్పు తెచ్చాడు, లీగులో 22 ఓడి 17వ స్థానం, పదహారు రోజులకు ఇంటికి పంపారు.

ఆ ఫైనల్లో ఓడిన అమోరిమ్‌ది వేరే జబ్బు. 3-4-2-1లో వెడల్పు 68 మీటర్లనూ ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు కాయాలి, అంటే తలా 34. అవతల ముగ్గురుంటే ఒకడు ఎప్పుడూ ఖాళీ. వింగ్‌బ్యాక్ దాటిపోతే పక్క సెంటర్‌బ్యాక్ బయటికి పోవాలి, వాడు పోయిన చోట సందు. కాబట్టి ఈ పద్ధతి బతికేది వింగ్‌బ్యాక్‌ల ఊపిరితిత్తుల మీద. అమోరిమ్ 2024 నవంబర్‌లో, సీజన్ నడుమ వచ్చాడు. ఆ పనికే పుట్టినవాళ్లు జట్టులో లేరు, ఫిబ్రవరిలో లెచ్చె నుంచి డోర్గు వచ్చేదాకా. వారానికి రెండు మ్యాచ్‌లు, సాధనకు తీరిక లేదు. లీగులో అతని కింద 27 మ్యాచ్‌లకు 27 పాయింట్లు, జట్టు 15వ స్థానం.

‘అయితే ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు ఇంగ్లండ్‌లో చెల్లరు’ అనేవాళ్లకు 2016 చూపించాలి. సెప్టెంబర్ 24న ఆర్సెనల్ దగ్గర 3-0తో వెనకబడ్డప్పుడు చెల్సీ మేనేజర్ కాంటె ఆట నడుమే ముగ్గురికి మార్చాడు. ఆ మ్యాచ్ ఓడాడు, ఆ తర్వాత వరసగా 13 లీగు విజయాలు, చివరికి 93 పాయింట్లతో చాంపియన్. ఏం తేడా? ముందటి సీజన్లో చెల్సీ పదో స్థానం గనక యూరప్ మ్యాచ్‌లు లేవు, వారమంతా సాధనకే. ఊరూరా లోన్ మీద తిప్పిన వింగర్ మోజెస్‌ను కుడి వింగ్‌బ్యాక్ చేశాడు. నడుమ కాంటే ఉన్నాడు, ఇద్దరి పని ఒక్కడే చేసే మనిషి. (మేనేజర్ కాంటె, ఆటగాడు కాంటే, ఈ తికమకలో మన ఊళ్లో ఎన్ని గొడవలు జరిగాయో.)

కొత్త మేనేజర్ భవిష్యత్తు చెప్పాలంటే అందుకే అతని పాత కప్పుల జాబితా కంటే మ్యాచ్ క్యాలెండర్, జట్టులో ఆ పద్ధతికి కీలకమైన రెండు మూడు స్థానాలు ముందు చూడాలి. హైలైన్ వాడికి బాక్స్ దాటి వచ్చే గోలీ, వేగమున్న ఒక సెంటర్‌బ్యాక్, అలుపెరగని వింగర్లు. అంకె కావాలనుకుంటే పీపీడీఏ ఉంది: అవతలివాళ్లు తమ వైపు ఎన్ని పాసులు వేసుకున్నాక మనం ఒకసారి అడ్డుపడుతున్నామో అది చెబుతుంది. 8-10 ఉంటే గట్టి ప్రెస్సింగ్ (బంతి ఉన్నవాడి మీదికి దూకడం), 14 దాటితే చూస్తూ నిలబడ్డట్టే. లైను 43 మీటర్ల దగ్గరుండి ఈ అంకె 14 చూపిస్తుంటే ఆ మేనేజర్ మీద పందెం కాయకండి.

మొదటి పది మ్యాచ్‌ల స్కోరు చూసి మాత్రం కాయనే వద్దు. ఫ్లిక్ మొదటి 12 లీగు మ్యాచ్‌ల్లో 11 గెలిచాడు, తర్వాతి ఏడింట్లో ఒక్కటే. సొంత గ్రౌండులో లాస్ పాల్మస్, లెగానెస్, అట్లెటికో చేతుల్లో వరసగా దెబ్బలు. 2024 క్రిస్మస్‌కు ‘వాని పని అయిపాయె’ అన్నవాళ్లే మే నెలలో చొక్కాలు కొన్నారు.

ఇక ఇక్కడి గ్రౌండ్ల సంగతి. టీవీలో చూసి స్కూలు, కాలేజీ టీములకు ఇదే లైను ఆడించే కోచ్‌లు ఎక్కువవుతున్నారు. చేయించొచ్చు, కొన్ని మార్పులతో.

చాలా గ్రౌండ్లు 105 ఉండవు. 90 మీటర్ల గ్రౌండులో సర్కిల్ అంచు గోల్ నుంచి 36 మీటర్లే. నేల గట్టి ఎర్రమట్టి, గడ్డి ఉండదు. పొడవాటి బంతి మొదటి టప్పాకే డిఫెండర్ తల మీదుగా పోతుంది. అందుకని పచ్చగడ్డి మీద కంటే ఐదారు మీటర్లు వెనక నిలబెట్టాలి, 30 మీటర్ల దగ్గర. ఇంకో పక్క అదే గట్టి నేల మీద నేలబారు త్రూబాల్ (డిఫెండర్ల నడుమ నుంచి వెనక్కి వేసే బంతి) ఆగకుండా గోలీ దాకా జారిపోతుంది, కాబట్టి గోలీ బయటికి రావడం వచ్చినవాడైతే సగం పని అయినట్టే. గోల్ గీతకు అతుక్కుపోయే గోలీ ఉంటే ఈ పద్ధతి ముట్టుకోవద్దు.

సాధన ఇలా: సగం గ్రౌండు, నలుగురు డిఫెండర్లు, గోలీ, అవతల ఆరుగురు. మొదటి రెండు రోజులు అవతలివాళ్లు అక్కర్లేదు, బంతి కోచ్ దగ్గరే. కోచ్ వీపు తిప్పాడా, బంతి వెనక్కి వేశాడా, లైను నాలుగైదు మీటర్లు ఎక్కాలి. తలెత్తి కాలు వెనక్కి ఎత్తాడా, అందరూ ఒక పక్కకు తిరిగి దిగాలి. ఛాతీ ఎదురుగా పెట్టి వెనక్కి నడవకూడదు, సగం తిరిగి ఉండాలి. నాలుగు నిమిషాల చొప్పున నాలుగు సార్లు, నడుమ ఒకటిన్నర నిమిషం విశ్రాంతి. సెంటర్‌బ్యాక్‌ల నడుమ ఎనిమిది, పది మీటర్లు. కేక వేసేది ఒక్కడే, ఒక్క మాటే: “పైకి”, “దిగు”, “నిలు”. ఇద్దరు అరిస్తే నలుగురూ నాలుగు దిక్కులు.

ఎక్కువగా చెడేది బంతికి దూరంగా ఉన్న ఫుల్‌బ్యాక్ (పక్క డిఫెండర్) దగ్గర. ముగ్గురు ఎక్కుతారు, వాడు తన వింగర్‌నే చూస్తూ రెండు మీటర్లు వెనకుండిపోతాడు, అవతలివాళ్లంతా ఆన్‌సైడ్. రెండోది, చెయ్యెత్తి ఆగిపోవడం. విజిల్ వినబడేదాకా పరుగు ఆపకూడదని రోజూ చెప్పాలి. ఇంకొకటి మన ఎండ. సాయంత్రం నాలుగు గంటల మ్యాచ్‌కు ఏప్రిల్‌లో అరగంట దాటగానే ముందున్న ముగ్గురి కాళ్లు మెత్తబడతాయి. వాళ్లు నడవడం మొదలుపెట్టిన నిమిషానే లైను పది మీటర్లు దించేయాలి, హాఫ్‌టైమ్ దాకా ఆగకూడదు.

టోర్నమెంటుకు పోయినప్పుడు టాస్ కంటే ముందు లైన్స్‌మన్‌లు ఎవరో కనుక్కోండి. చాలా చోట్ల జెండా పట్టేది ఆడే టీముల ఎక్స్‌ట్రా కుర్రాళ్లే. వాడు అవతలి టీము చొక్కా వేసుకుని, మీ లైనుకు ఇరవై మీటర్లు వెనక, వేపచెట్టు నీడలో నిలబడి ఉంటే ఆ రోజుకు నలుగురినీ బాక్స్ ముందుకు దించేసి, ఫ్లిక్‌ను ఇంట్లో పెట్టి రావాలి.